మరుగుదొడ్డి మార్పు - కొలతల శాస్త్రము

గొంతుకు కూర్చుండుట మన దేశమున పసితనమునుండి అలవడిన భంగిమ. తుంటి, మోకాలు, చీలమండ - ఈ మూడు కీళ్లును పూర్తిగా మడిగినగాని ఆ భంగిమ కుదరదు. వీనిలో ఏ యొక్కటి బిగిసినను నేలమట్టపు మరుగుదొడ్డి ఆ మనిషికి పనికిరాదు. కూర్చున్నవారు లేవలేరు, లేవబోయి పడుదురు. అట్టివారికి కుర్చీవలె ఎత్తైన పీఠము కావలెను. దీనినే అంగళ్లలో కమోడు అందురు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెరక భూములలో ఈ అవసరము ఇతర ప్రాంతములకంటె మిక్కుటము. అందుకు కారణము ముదిమి యొక్కటియే కాదు, నీరు కూడ. కనుక ఒక ఇంటిలో పాత మరుగుదొడ్డిని తీసి క్రొత్త పీఠమును పెట్టుట చిన్న పనివలె కన్పట్టినను, దానియందు భూగర్భశాస్త్రము, శరీరశాస్త్రము, జలశాస్త్రము, రేఖాగణితము అన్నియు కలిసియున్నవి. వీనిని కూర్చి నిలుపునది కొలతబద్ద.

రాతినుండి కీలువరకు

ఈ మెరక భూముల అడుగున మిక్కిలి ప్రాచీనమైన గ్రానైటు, నైసు శిలలు కలవు. ఈ శిలలలో ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకము మొదలగు ఖనిజములందు ఫ్లోరిను కలదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ అగుటచేత, నేలలోనికి ఇంకిన నీరు రాతి పగుళ్లలో చాలకాలము నిలిచి ఆ ఖనిజములను కొద్దికొద్దిగా కరగించుకొనును. లోతు బోరుబావులు ఈ నీటినే పైకి తెచ్చును.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. భారతీయ ప్రమాణము 1 మిల్లీగ్రామును మేలైన హద్దుగా, వేరు నీరు దొరకనిచోట 1.5 ను తుదిహద్దుగా పెట్టినది. ఈ హద్దు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో మొదట పండ్లపై మచ్చలు పడును. ఇంకను ఎక్కువైన యెడల ఎముకలు దట్టమై, కీళ్లచుట్టు నుండు స్నాయువులలో సున్నము పేరుకొనును. వెన్ను కర్రవలె బిగియును. తుంటి, మోకాళ్లు పూర్తిగా మడగవు. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతమున ఈ వ్యాధిని వర్ణించిరి. 1955లో సిద్దీకీ అను వైద్యుడు 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' పత్రికయందు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి వ్యాసము ప్రకటించెను. పటిక, సున్నము కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించగా, దానికి 'నల్లగొండ పద్ధతి' అను పేరే నిలిచినది.

2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ద్వారా కృష్ణా, గోదావరి నదుల నీరు శుద్ధియై ఇంటింటికి చేరనారంభించినది. నీరు మారుట పిల్లలకు రక్ష. కాని పాత నీటిని నలుబది, ఏబది ఏండ్లు త్రాగినవారి కీళ్లలో పేరుకొన్న సున్నము నీరు మారినంతనే కరగిపోదు. వారి శరీరము మారదు కావున వారు వాడు వస్తువు మారవలెను.

2014 అక్టోబరు 2న ఆరంభమైన స్వచ్ఛ భారత్ కార్యక్రమమున ఇంటికి 12,000 రూపాయల సహాయముతో పల్లెలలో మరుగుదొడ్లు విరివిగా వెలసినవి. వానిలో చాలవరకు నేలమట్టపు పాన్ గలవే. ఇల్లు గలదు, దొడ్డి గలదు; కాని ఆ యింటి అవ్వ దానిని వాడలేదు. ఈ చిక్కును తీర్చుటకు కుటుంబమువారు పట్టణమునకు పోయి కమోడు కొనుదురు. కొలత లేక కొన్నచో అసలు చిక్కు అప్పుడు మొదలగును. పింగాణీని కోయుటకు వీలులేదు, సాగదీయుటకు వీలులేదు. పీఠము గొట్టముతో కలియకపోయిన యెడల గచ్చును పగులగొట్టవలెను, లేదా పీఠమును తిరిగి ఇచ్చివేయవలెను. సున్నము, సిమెంటు అంటిన వస్తువును అంగడివారు తిరిగి తీసికొనరు.

రెండు అక్షరములు: ఎస్, పి

అంగడిలో అడుగు మొదటి ప్రశ్న "ఎస్ ట్రాపా, పి ట్రాపా?" అని. ఈ రెండును ఇంగ్లీషు అక్షరముల ఆకారమునుబట్టి వచ్చిన పేర్లు.

పీఠము అడుగున గొట్టము వంపు తిరిగియుండును. ఆ వంపులో ఎల్లప్పుడు కొంత నీరు నిలిచియుండును. గుంటలోనుండి గాని మురుగు కాలువనుండి గాని వచ్చు దుర్వాయువు ఆ నీటిని దాటి గదిలోనికి రాలేదు. ఈగలు, దోమలు కూడ రాలేవు. ఒక గుక్కెడు నీరు తలుపువలె పనిచేయుచున్నది. ఈ వంపు గొట్టముతో కూడిన మరుగుదొడ్డికి 1775లో లండనులోని గడియారముల పనివాడగు అలెగ్జాండర్ కమ్మింగ్ అధికారపత్రము పొందెను. నేటి కమోడులలో ఈ నీటితలుపు లోతు సాధారణముగా 50 మిల్లీమీటర్లు. పల్లెలకై రూపొందించిన పాన్‌లలో మాత్రము అది 20 మిల్లీమీటర్లే. అందుచేతనే ఆ పాన్ ఒకటిన్నర, రెండు లీటర్ల నీటితో శుభ్రపడును.

వంపు దాటిన పిదప గొట్టము నేలలోనికి దిగినచో అది ఎస్ ట్రాపు. వెనుక గోడలోనికి పోయినచో అది పి ట్రాపు. గదిలో గొట్టము నోరు నేలయందున్నదా, గోడయందున్నదా అని చూచినంతనే ఈ ప్రశ్నకు జవాబు దొరకును. ఒకదాని బదులు మరియొకటి తెచ్చిన యెడల అదనపు వంపులు తగిలించి ఎట్లో కలుపవచ్చును గాని, వంపు పెరిగినకొలది మలము ఆగిపోవుటకు చోటు పెరుగును.

గోడనుండి రంధ్రమునకు

ఎస్ ట్రాపు విషయమున అన్నిటికంటె ముఖ్యమైన కొలత ఒకటి కలదు. అది వెనుక గోడనుండి నేలలోని గొట్టపు కేంద్రమునకు గల దూరము. మన అంగళ్లలో 4 అంగుళములు, 9 అంగుళములు, 12 అంగుళముల దూరమునకు తగిన పీఠములు విరివిగా దొరకును. మిల్లీమీటర్లలో ఇవి సుమారు 100, 225, 300. అమెరికా దేశమున 12 అంగుళములే సామాన్యము. 10, 14 అంగుళములవి కూడ కలవు.

కేంద్రమును కంటితో గుర్తింపరాదు. రంధ్రము ఖాళీగా నుండును గనుక దాని నడుమ బద్దను ఆన్చుటకు ఏమియు లేదు. ఇందుకు సులభమైన ఉపాయము కలదు. గోడనుండి గొట్టము దగ్గరి అంచుకు ఒకసారి, దూరపు అంచుకు ఒకసారి కొలిచి, రెండింటిని కూడి సగము చేయవలెను. దగ్గరి అంచు 175 మిల్లీమీటర్లు, దూరపు అంచు 285 మిల్లీమీటర్లు అనుకొనిన, మొత్తము 460, సగము 230. కేంద్రము 230 మిల్లీమీటర్ల దూరమున నున్నది. దూరపు కొలతనుండి దగ్గరి కొలతను తీసివేసిన 110 వచ్చును. ఇది గొట్టపు వ్యాసము. నాలుగు అంగుళముల ప్లాస్టిక్ గొట్టము బయటి వ్యాసము ఇంతయే. కనుక కొలత సరిగా వచ్చినదో లేదో కూడ ఇందే తెలియుచున్నది.

గోడ అనగా ఏ గోడ? ఇది రెండవ మెలిక. పీఠము తుదకు ఆనుకొనునది ఇటుక గోడకు కాదు. దానిపై పూత, పూతపై టైలు వేసిన తరువాతి ముఖమునకు. టైలు మందము, దాని వెనుక సిమెంటు కలిసి ఒక అంగుళము, అనగా 25 మిల్లీమీటర్లు ఆక్రమించుట సాధారణము. టైలు వేయకముందు కొలిచిన 230 మిల్లీమీటర్లు, వేసిన పిదప 205 మిల్లీమీటర్లే అగును. అప్పుడు 225 మిల్లీమీటర్ల పీఠము గోడకు తగిలి, దాని అడుగు రంధ్రముపై కూర్చుండదు. ఈ ఇరువది మిల్లీమీటర్లకై గచ్చు పగులగొట్టవలసివచ్చును.

ఇక్కడ తప్పులు రెండు విధములు. రెండును సమానము కావు. రంధ్రము గోడకు కావలసినదానికంటె కొంచెము దూరముగా నున్నచో పీఠము వెనుక సందు మిగులును, అంతే. దగ్గరగా నున్నచో పీఠము అసలు కూర్చుండదు. కనుక సందేహమున్నపుడు తక్కువ దూరపు పీఠమును ఎన్నుకొనుట క్షేమము.

పి ట్రాపునకు కొలత వేరు. పూర్తియైన నేలనుండి గోడలోని గొట్టపు కేంద్రమునకు గల ఎత్తును కొలవవలెను. ఇది చాల పీఠములకు 180, 185 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. ఇచ్చటను నేల అనగా షాబాదు బండ గాని టైలు గాని పరచిన తరువాతి నేల. పాత గచ్చుమీదనే క్రొత్త బండ పరచినచో నేల పైకి లేచి, గొట్టపు ఎత్తు ఆ మేరకు తగ్గును.

కనపడని గొట్టమును కొలుచుట

పాత పాన్ ఇంకను కదలకున్నపుడు దాని క్రింది గొట్టము కనపడదు. అటువంటపుడు బయటినుండి కొలవవలెను. గది మూలను ఆధారబిందువుగా తీసికొని, బయట గొట్టము గోడనుండి వెలువడుచోటికి గల దూరమును కొలిచి, అందుండి ప్రక్క గోడ మందమును తీసివేసిన లోపలి దూరము వచ్చును. తొమ్మిదంగుళముల ఇటుక గోడ రెండువైపుల పూతతో దాదాపు పది అంగుళములగును. తలుపు చట్రము వద్ద గోడ మందమును స్వయముగా కొలిచి చూచుకొనవచ్చును. లోపలి వంపు ఎచ్చట నున్నదో ఈ విధముగా ఉజ్జాయింపుగానే తెలియును. తుది నిర్ణయము పాన్ తీసి చూచిన పిమ్మటనే చేయవలెను. కావున ముందు పాన్ తీయించుట, తరువాత కొలుచుట, ఆ తరువాత కొనుట - ఇదియే సరియైన వరుస.

రంధ్రము కావలసినచోట లేనప్పుడు గొట్టమును జరుపవలెను. జరుపుటకు వాలు కావలెను. నాలుగు అంగుళముల గొట్టమునకు నలుబదింటికి ఒకటి అను వాలు వాడుకలో కలదు. నలుబది అంగుళముల దూరము పోవుసరికి ఒక అంగుళము దిగవలెనన్నమాట. పీఠమును 5 అడుగులు, అనగా 60 అంగుళములు దూరముగా జరిపిన యెడల గొట్టము ఒకటిన్నర అంగుళము దిగవలెను. అవతలి కొన దిగుటకు చోటు లేకపోయిన యెడల ఇవతలి కొనను లేపవలెను. దానితో గది నేలను కూడ లేపవలెను. వృద్ధులకై చేయు మార్పులో గడప ఎత్తగుట మంచిది కాదు.

గొట్టపు వెడల్పును కూడ చూడవలెను. పల్లె పాన్‌ల క్రింది గొట్టము తరచు 75 మిల్లీమీటర్లదే. కమోడు నోరు 100 మిల్లీమీటర్ల ప్రాంతము. వెడల్పైన నోటినుండి ఇరుకైన గొట్టములోనికి మలమును పంపరాదు. ప్రవాహము పోవు దిక్కున గొట్టము ఎన్నడును సన్నగిల్లరాదు అనునది మురుగు పనిలో మొదటి సూత్రము.

గది చాలునా?

భారత జాతీయ భవన నియమావళి ప్రకారము విడి మరుగుదొడ్డి గది విస్తీర్ణము 1.1 చదరపు మీటర్లకు, వెడల్పు 0.9 మీటరునకు తగ్గరాదు. స్నానపు గదియు కలిసినచో 2.8 చదరపు మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు ఉండవలెను. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల గదిని ఉదాహరణముగా తీసికొనిన, దాని విస్తీర్ణము 12 చదరపు అడుగులు, అనగా సుమారు 1.11 చదరపు మీటర్లు. నియమమునకు అంచున నిలిచినది.

ఈ గది చివరి గోడకు 27 అంగుళముల పొడవుగల కమోడును, నీటి తొట్టితో సహా, ఆనించినారనుకొనుడు. గది పొడవు 48 అంగుళములు. ముందు మిగులునది 21 అంగుళములు. అమెరికాలోని నిర్మాణ నియమములు పీఠము ముందు కనీసము 21 అంగుళముల ఖాళీని, నడిరేఖనుండి ప్రక్క గోడకు 15 అంగుళములను కోరుచున్నవి. మన ఉదాహరణలో నడిరేఖకు ఇరువైపుల పదునెనిమిదేసి అంగుళములు కలవు. కూర్చుండుటకు చోటు సరిపోయినట్లే.

కాని తలుపు సంగతి? తలుపు ఎదుటి గోడ నడుమ నున్నది; దాని వెడల్పు 27 అంగుళములు; లోపలికి తెరచుకొనును. దాని అంచు 27 అంగుళముల వ్యాసార్ధముగల చాపమున తిరుగును. మిగిలిన ఖాళీ 21 అంగుళములే గదా! తలుపు సగము దాటి కొంతదూరము పోగానే అంచు పీఠము ముక్కునకు తగిలి ఆగిపోవును. నేలమట్టపు పాన్ ఉన్నంతకాలము ఈ చిక్కు లేదు. తలుపు దానిమీదుగా తిరిగిపోయినది. పీఠము లేచిన తరువాత అది అడ్డమగుచున్నది. గళ్ల కాగితముపై వృత్తలేఖినితో ఈ చాపమును గీసిన విద్యార్థికి ఈ విషయము క్షణములో తెలియును.

పరిష్కారము సులభము: తలుపు బయటికి తెరచుకొనునట్లు బందులు మార్చవలెను. దీనియందు మరియొక మేలు కూడ కలదు. లోపల వృద్ధులు పడిపోయినచో, లోపలికి తెరచుకొను తలుపునకు వారి శరీరమే అడ్డుపడును. బయటికి తెరచు తలుపైన వెంటనే చేరుకొని ఆదుకొనవచ్చును.

మనిషిని కూడ కొలవవలెను

గదిని కొలిచినవారు కూడ తరచు మనిషిని కొలువరు. సాధారణమైన కమోడు అంచు నేలనుండి 400 మిల్లీమీటర్ల ఎత్తున నుండును. అది ఆరోగ్యవంతులకు చాలును. మోకాలు బిగిసినవారికి చాలదు. ఎందుచేతననగా పీఠము ఎంత తగ్గిన, మోకాలు అంత ఎక్కువ మడగవలెను; శరీరపు బరువు మోకాలినుండి అంత దూరమున వ్రేలాడును. తులాదండమునకు చేయి పొడుగైనకొలది అదే బరువును లేపుటకు ఎక్కువ బలము కావలెనను సంగతి భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. ఆ బలమును తొడ కండరములే ఇయ్యవలెను.

వాడువారిని ఒక బల్లమీద పాదములు నేలకానునట్లు కూర్చుండబెట్టి, మోకాలి వెనుక మడతనుండి నేలవరకు కొలవవలెను. పీఠపు ఎత్తు ఈ కొలతకు సమానముగా గాని కొంచెము ఎక్కువగా గాని ఉండవలెను. వికలాంగుల సౌకర్యమునకై భారత ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములు 450 నుండి 480 మిల్లీమీటర్ల ఎత్తును సూచించినవి. అంత ఎత్తైన పీఠము దొరకనపుడు 400 మిల్లీమీటర్ల పీఠము క్రింద రెండంగుళముల దిమ్మె కట్టించవచ్చును. అయితే పి ట్రాపు పీఠమును రెండంగుళములు లేపిన, దాని నోరు కూడ రెండంగుళములు లేచును. గోడలోని గొట్టము దానికి అందదు. ఒక కొలత మారిన మరియొక కొలత మారవలెను. అందుచేత దిమ్మె సంగతి గొట్టము అమర్చుటకు ముందే నిర్ణయింపవలెను. చేతికి ఊతముగా గోడకు బిగించు కడ్డీకి కూడ చోటు గుర్తించుకొనవలెను. పీఠము పెట్టిన తరువాత ఇరుకు సందున గోడకు రంధ్రము చేయుట కష్టము.

నీరు ఎక్కడికి పోవును?

పల్లెలలో పెక్కు మరుగుదొడ్లకు వెనుక జంట గుంటలు కలవు. ఒకటి నిండిన పిదప నీటిని రెండవదానికి మరల్చుదురు. మొదటిది మూసియున్నకాలములో అందలి మలము ఎరువుగా మారును. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయముగా అట్టి గుంటలోనికి దిగి ఎరువును తీసి, అది అసహ్యమైనది కాదని చూపెను. గుంటలోనికి వచ్చిన నీరు గోడలనుండి మట్టిలోనికి ఇంకిపోవలెను. ఇంకని యెడల గుంట పొంగును.

గుంట వ్యాసము 1 మీటరు, నీరు నిలుచు లోతు 1 మీటరు అనుకొనిన, చుట్టుగోడ వైశాల్యము 3.14 చదరపు మీటర్లు. ఇంజనీర్ల లెక్కలలో ఒక చదరపు మీటరునుండి దినమునకు ఇసుక కలిసిన గరప నేలలో 30 లీటర్లు, ఒండ్రు నేలలో 20, బంకమట్టిలో 10 లీటర్లు ఇంకునని తీసికొందురు. అనగా ఈ గుంట దినమునకు వరుసగా 94, 63, 31 లీటర్లను పీల్చుకొనును.

ఇంట ఐదుగురు కలరు. ఒక్కొక్కరు దినమునకు ఐదుమార్లు దొడ్డిని వాడుదురనుకొనుడు. పల్లె పాన్‌లో మారునకు 2 లీటర్ల చొప్పున మొత్తము 50 లీటర్లు. నేటి కమోడు తొట్టికి రెండు మీటలు. పెద్దది 6 లీటర్లను, చిన్నది 3 లీటర్లను వదలును. ఒకమారు పెద్దది, నాలుగుమార్లు చిన్నది నొక్కిన, మనిషికి 18 లీటర్లు, ఐదుగురికి 90 లీటర్లు. గరప నేలలో రెండును ఇమిడిపోవును. బంకమట్టిలో రెండును ఇమడవు. ఒండ్రు నేలలో మాత్రము పాత పాన్ ఇమిడినది, క్రొత్త కమోడు ఇమడలేదు! రెండు మూరల లోతున రాయి తగులు నేలలలో చిక్కు ఇంకను ఎక్కువ. ఇంకని నీరు రాతి పగుళ్ల వెంట మట్టిలో వడబోతకు నోచుకొనక సమీపపు బోరుబావిని చేరవచ్చును. కావున కమోడు కొనుటకు ముందు గుంటను కూడ కొలవవలెను, మట్టిని చూడవలెను.

అన్ని ఇండ్లకు కమోడే గతి కాదు. జంట గుంటలు, సన్నని గొట్టము, ఇరుకు గది గల ఇంటిలో నడుమ రంధ్రముగల కుర్చీని పాత పాన్‌పైననే నిలుపుట మేలు. పాన్ అట్లే యుండును; నీరు రెండు లీటర్లే; పిల్లలు కుర్చీని జరిపి మామూలుగ వాడుకొందురు. దీనికి మూడు కొలతలు చాలును: పాన్ వెడల్పు, కుర్చీ కాళ్ల మధ్య దూరము, రంధ్రపు ఎత్తు. కుర్చీ కాళ్లు పాన్ అంచుపైగాక గట్టి నేలపై ఆనవలెను. కాళ్లకు రబ్బరు తొడుగులుండవలెను. కూర్చుండుటకు, గొంతుకు కూర్చుండుటకు రెండింటికి పనికివచ్చు ఆంగ్లో-ఇండియన్ పీఠము కూడ అంగళ్లలో కలదు. కాని దాని గొట్టము, నీరు మొదలగు లెక్కలు కమోడు లెక్కలే.

కొలుచు తీరు

గుడ్డ టేపు సాగును. ఉక్కు టేపు వాడవలెను. ప్రతి కొలతను మిల్లీమీటర్లలో వ్రాయుట మంచిది. ఒక అంగుళము 25.4 మిల్లీమీటర్లు. మేస్త్రీ అంగుళములలో చెప్పును, అంగడి పత్రము మిల్లీమీటర్లలో చెప్పును. ఈ రెండింటి నడుమ తప్పులు జొరబడును.

ఏ గోడయు పూర్తిగా నిట్టనిలువు కాదు. గది వెడల్పును నేలవద్ద, పీఠపు ఎత్తున, భుజముల ఎత్తున మూడుచోట్ల కొలిచి, అన్నింటిలో చిన్నదానిని లెక్కలోనికి తీసికొనవలెను. గది రెండు కర్ణములను కొలిచిన అవి సమానముగా నుండవలెను. లేనిచో గది వంకర. మూల సరిగా లంబకోణమగునో కాదో తెలియుటకు ఒక గోడవెంట 3 జానలు, రెండవ గోడవెంట 4 జానలు గుర్తించి, ఆ గుర్తుల నడుమ 5 జానలు వచ్చునేమో చూడవలెను. పైథాగరసు సిద్ధాంతము ఇదియే. దేశమందలి ఆనకట్టల పనులకు వలసపోయిన పాలమూరు పనివారిలో దీనిని పేరు తెలియకయే దారముతో చేసి చూపగలవారు కలరు.

కొలతలను ఒక కాగితముపై పదింటికి ఒకటి చొప్పున గీయవలెను. అంతటితో నిలువక, పీఠము పొడవు, వెడల్పుల మేరకు పాత వార్తాపత్రికను కత్తిరించి గది నేలపై పరచి, తలుపు తెరచి మూసి చూడవలెను. వాడబోవు పెద్దలు దాని ముందు తిరిగి నిలువగలరా, చేతికర్ర పెట్టుటకు చోటు కలదా అనునది ఏ పటముకంటెను ఈ కాగితము స్పష్టముగా చెప్పును.

అంగడికి తీసికొని పోవలసిన చీటీలో ఈ వివరములు ఉండవలెను: గొట్టము నేలలోనా, గోడలోనా, పూర్తియైన గోడనుండి గాని నేలనుండి గాని దాని కేంద్రమునకు గల దూరము, గొట్టపు వ్యాసము, గది పొడవు, వెడల్పు, తలుపు వెడల్పు, అది తెరచుకొను దిక్కు, వాడువారి మోకాలి ఎత్తు, గుంట కొలత, మట్టి తీరు. అంగడిలో పీఠము పత్రముపై ముద్రించిన కొలతలను ఈ చీటీతో ఒక్కొక్కటిగా సరిచూచుకొని, పీఠమునకు కూడ ఒకసారి టేపు పెట్టి చూడవలెను.

ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు ఈ పనిని పిల్లలకు ఇంటిపనిగా ఈయవచ్చును. సగటు, వ్యాసము, చాపము, కర్ణము, వాలు, స్తూపపు ప్రక్కవైశాల్యము - పాఠ్యపుస్తకమందలి ఆరు అధ్యాయములు ఒక్క చిన్నగదిలో దొరకును. పిల్లలు తమ పాఠశాల మరుగుదొడ్డిని మొదట కొలిచి, పిదప తమ ఇంటిదానిని కొలిచి రావలెను. ఆ కొలతలలో తాతయొక్కయు అవ్వయొక్కయు మోకాలి ఎత్తును తప్పక వ్రాయించవలెను. పీఠము కొను దినము ఎప్పుడు వచ్చినను ఆ కాగితము ఆ యింటిలో సిద్ధముగా నుండును.